సొంత మేఘమునకు సన్నాహము

మేఘమను మాట మోసకారి మాట. ఆకసమున తేలునది, ఎవ్వరి సొత్తును గానిది, అడిగినవారి కెల్ల కురియునది అను భావము ఆ మాటవలన కలుగును. నేడు కంప్యూటరు వ్యవహారములలో క్లౌడని, మేఘమని పిలువబడునది అట్టిది గాదు. అది నేలమీద నున్న ఒక గది. ఆ గదిలో ఇనుప బీరువాలు, వానిలో అరలు అరలుగా పేర్చిన సర్వర్లు, వానిని పెనవేసికొన్న తీగెలు, రాత్రింబవళ్లు ఎడతెగని పంకాల హోరు, నెల తిరుగగనే వచ్చి నిలుచు విద్యుచ్ఛక్తి బిల్లు. ఆ గది తాళపుచెవి యెవరి మొలనున్నదో మేఘము వారిది.

తెలుగునేల మేఘములకు నిలయమగుచున్నది. 2022 నవంబరులో అమెజాను సంస్థవారు హైదరాబాదున తమ కేంద్రములను తెఱచిరి. 2025 అక్టోబరులో గూగులు సంస్థవారు విశాఖపట్టణమున అయిదేండ్లలో ఇంచుమించు 1500 కోట్ల డాలర్లు వెచ్చింపనున్నట్లు ప్రకటించిరి. ఇందులకు మాకు అసూయ లేదు. పనులు వచ్చుచున్నవి, రానిండు. కాని ఇనుపదారి మన యూరి పొలిమేరనుండి పోయినంతమాత్రమున రైలు మనది కాలేదని మన తాతలెఱుగుదురు. మేఘము మన నేలపై నున్నంతమాత్రమున మన యధీనమున నున్నట్లు గాదు. కావుననే మన విశ్వవిద్యాలయములలోను, సహకార బ్యాంకులలోను, పెద్ద ఆసుపత్రులలోను ఒక ప్రశ్న పొడసూపుట సహజము: పరుల మేఘమున బాడుగకుండుట యేల, మనమే యొకటి నెలకొల్పుకొనరాదా?

ప్రశ్న మంచిది. సొంతమను మాటకు మన చెవిలో నున్న తీపిచేత, వెంటనే అవునని చెప్పివేయవలెనని తోచును. అయినను మేము ఒక్క క్షణము ఆగుచున్నాము. సంకల్పమునకును టెండరునకును నడుమ జరుగవలసిన పని యొకటి కలదు. ఆ పనిని దాటవేసినవారికి మేఘము దక్కుటకు మాఱు అప్పు దక్కును. ఆ సన్నాహమును గుఱించియే ఈ వారము చదువరులతో ముచ్చటింపదలచితిమి.

ముందుగా వస్తువేమో తెలిసికొందము. పూర్వము ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రమును కొనుచుండిరి. జీతముల పట్టీకి ఒకటి, పరీక్షాఫలితములకు ఒకటి, ఉత్తరప్రత్యుత్తరములకు ఒకటి. ఒక్కొక్కటియు దినములో పెద్దభాగము పనిలేక కూర్చుండును. నేటి పద్ధతి వేఱు. ఒక్క బలమైన సర్వరును సాఫ్టువేరు సాయమున పెక్కు కల్పితయంత్రములుగా విభజింతురు. ఇంజనీర్లు వీనిని వర్చువల్ మిషన్లందురు. లినక్సునందు ఇందులకు వలయు కేవీఎం అను భాగము 2007 నుండియు చేరియున్నది. ఇట్టి సర్వర్లను పదులుగనో నూర్లుగనో ఒక్క సత్రముగా కూర్చి, వచ్చినవాడు గుమాస్తాను బతిమాలుకొనకుండ తానే గది తెఱచుకొని, పని తీరగనే ఖాళీచేసి పోవునట్లును, వాడుకొన్నదానికి లెక్క పడునట్లును ఏర్పఱచినచో దానిని మేఘమందురు. అమెరికా దేశపు ప్రమాణసంస్థ యగు నిస్ట్ వారు 2011లో ప్రకటించిన నిర్వచనము ఇంచుమించు ఇట్టిదే. ఒక్క సంస్థ యవసరములకే ప్రత్యేకింపబడినది ప్రైవేటు మేఘము. మన కచేరీలలో మేఘమని పేరుపెట్టుకొన్న గదులలో కొన్నింటియందు ఒక్క కల్పితయంత్రము కావలయునన్నను అర్జీ వ్రాసి, సంతకములు మూడు చేయించి, వారములకొలది వేచియుండవలయును. అది మేఘము గాదు. పాత గిడ్డంగికి క్రొత్త బోర్డు.

సొంతము వలయుననువారి వాదమునకు బలమీయగల ఉదంతములు లేకపోలేదు. గుజరాతునందలి వాడినారున ఏటికి 2 కోట్ల టన్నుల ముడిచమురును శుద్ధిచేయు శక్తిగల నయారా ఎనర్జీ యను సంస్థ కలదు. దానిలో రష్యాదేశపు రోస్నెఫ్టుకు ఇంచుమించు సగము వాటా యున్నది. 2025 జూలై 18వ తేదీన ఐరోపా సమాఖ్యవారు దానిపై ఆంక్షలు విధించిరి. కొలదిదినములకే మైక్రోసాఫ్టు సంస్థ తన సేవలను నిలిపివేసెను. ఉద్యోగుల ఉత్తరములు ఆగెను, సంభాషణలు ఆగెను. తాము సొమ్ము చెల్లించి కొనుక్కొన్న సేవలను చెప్పాపెట్టక నిలిపిరని ఆ సంస్థవారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. ఆ నెలాఖరునకు సేవలు పునరుద్ధరింపబడెను. నయారావారి పక్షము న్యాయమా, ఐరోపావారి పక్షము న్యాయమా యను విచారణ ఇచట మాకు పనిలేదు. బ్రస్సెల్సులో నొక కాగితముపై పడిన ముద్ర వాడినారులోని గుమాస్తా బల్లమీది పనిని ఆపగలిగెననుటయే మేము చూపగోరునది. మైక్రోసాఫ్టు అధిపతి సత్య నాదెళ్ల మన హైదరాబాదున పెరిగినవాడే. ఇందు వ్యక్తులను నిందించిన ఫలమేమి? బాడుగయింటివాని కష్టము ఇంటియజమాని మంచిచెడ్డలనుబట్టి యుండదు, తాళపుచెవినిబట్టి యుండును.

రెండవ యుదంతము మఱింత సామాన్యమైనది, అందుచే మఱింత ఆలోచింపదగినది. వీఎంవేర్ అను సంస్థ సాఫ్టువేరుతో లోకమునందు వేలకొలది సంస్థలు తమ సొంత గదులలోనే సొంత మేఘములు కట్టుకొనియుండెను. 2023 నవంబరులో ఆ సంస్థను బ్రాడ్‌కాం వారు కొనిరి. మఱుసటి నెలలోనే శాశ్వతపు అనుమతిపత్రముల విక్రయమును మాని, ఇకపై చందా కట్టవలసినదే యనిరి. గది తమది, సర్వర్లు తమవి, విద్యుత్తు తమది. అయినను యేటేట పన్ను తప్పలేదు. ఇల్లు సొంతమైనను దూలము పరులదైనచో ఇట్లుండును. కావున సొంతమన నేమో మొదట తేల్చుకొనవలయును. సాఫ్టువేరు మూలము అందఱికిని తెఱచియున్నదా, రేపు దీనిని విడిచి వేఱొకదానికి పోదలచిన మన దస్తావేజులు మనతో వచ్చునా, ఇప్పుడున్న కంట్రాక్టరు వెడలిపోయినచో మఱియొకడు అందుకొనగలడా అను ప్రశ్నలకు సమాధానము దొరకనిచోట సొంతమను మాట వాడరాదు.

ఇంతవఱకు ఒకవైపు చెప్పితిమి. రెండవవైపు చెప్పనిచో మేము చదువరులను మోసగించినవారమగుదుము. దక్షిణ కొరియాదేశపు ప్రభుత్వము పరులనుండి బాడుగకు తీసికొనక తానే సమాచారకేంద్రములను నిర్మించుకొనెను. 2025 సెప్టెంబరు 26వ తేదీన దేజాన్ నగరమునందలి కేంద్రమున, లిథియం బ్యాటరీలను తావుమార్చుచుండగా నిప్పు పుట్టెను. మొదటి లెక్కకే 647 ప్రభుత్వసేవలు నిలిచిపోయెను. అన్నింటికంటె విచారకరమైనది మఱియొకటి. ఉద్యోగులు తమ పనికాగితములను దాచుకొను జీ-డ్రైవ్ అను భాండారమునకు వేఱొకచోట ప్రతి లేదు. 858 టెరాబైట్ల సమాచారము బూడిదయయ్యెను. ఏ పరాయి రాజ్యమును వారి తలుపు మూయలేదు. సొంతగది, సొంతనిప్పు. కంప్యూటరు విద్యలో ఆసియాకు తలమానికమైన దేశమునకే ఇట్లు జరిగినదన్న, మన కచేరీల సంగతి చెప్పనేల?

కావున సొంతమా, బాడుగయా యను తగవులోనే కాలము పుచ్చుట తెలివి గాదు. సన్నాహము కలదా, లేదా? తేల్చవలసినదిది.

సన్నాహముతో కట్టి నిలుపుకొన్నవారు లేకపోలేదు. 2010 జూలైలో అమెరికా అంతరిక్షసంస్థ యగు నాసాయు, రాక్‌స్పేసు అను వ్యాపారసంస్థయు తమ సాఫ్టువేరును కలిపి ఓపెన్‌స్టాక్ అను పేర లోకమునకు తెఱచి యిచ్చిరి. అది ఉచితము, దానిని చదువవచ్చును, మార్చవచ్చును, కావలసినన్ని యంత్రములపై నడపవచ్చును. జెనీవాయొద్ద పరమాణుగర్భమును శోధించు సెర్న్ పరిశోధనాలయమువారు 2013 జూలైలో దానితో తమ మేఘమును పనిలోనికి దించి, కొన్ని యేండ్లలో 3 లక్షలకు మించిన కోర్లవఱకు పెంచిరి. చిత్రమేమన, విత్తనము వేసిన నాసాయే 2012లో ఆ మార్గము విడిచి బయటివారి మేఘము నాశ్రయించెను. ఒకే సాఫ్టువేరు; ఒకరు నిలిచిరి, ఒకరు తొలగిరి. సెర్న్‌వారికి తమ పని పరిమాణము తెలియును. దానిని నడుపుటకు, చెడినచోట సరిచేయుటకు, సరిచేసినదానిని తిరిగి లోకమునకిచ్చుటకు తమవారైన ఇంజనీర్లు కలరు. తమ పనికి తగినది బయట దొరకునని నాసావారు తలచిరి. ఇందులో నెవ్వరిదియు తప్పు గాదు. తమ పనిని తాము ఎఱిగి నిర్ణయించుకొనిరి. మన ప్రభుత్వమును 2014లో జాతీయమేఘమును ప్రారంభించి దానికి మేఘరాజ్ అని పేరిడెను. పేరు సొంపైనదే, పేరు పెట్టుటలో మనవారు ఎన్నడును వెనుదీయలేదు.

ఇక లెక్కలోనికి దిగుదము. లెక్క యనిన చదువరులు విసుగుకొనరాదు, ఏలయన మోసములన్నియు లెక్క చూడనిచోటనే జరుగుచున్నవి. ఒక విశ్వవిద్యాలయమును ఊహింపుడు. దానికి 400 కల్పితయంత్రములు కావలయుననుకొందము. ఒక్కొక్కదానికి 4 కోర్లు, 8 గిగాబైట్ల జ్ఞాపకము. మొత్తము 1600 కోర్లు, 3200 గిగాబైట్లు. అందఱును ఒక్కమాఱే పనిచేయరు గనుక ఒక నిజమైన కోరును నలుగురికి పంచవచ్చును. 400 కోర్లు చాలును. ఓపెన్‌స్టాక్ పెక్కేండ్లు ఒక్క కోరును పదునార్గురికి పంచుటకు ఒప్పుకొనుచుండెను. అట్లు పంచినచో పరీక్షాఫలితముల దినమున అందఱును ఒక్కటే తలుపు తట్టగా ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. జ్ఞాపకమును మాత్రము పంచరాదని మా మతము. విస్తరి ఒక్కటి, ఇద్దఱను కూర్చుండబెట్టిన లేచిపోవువాడొకడు తప్పడు. 64 కోర్లు, 512 గిగాబైట్లు గల సర్వర్లు కొన్నచో ఏడు కావలయును. ఒకటి చెడినను పని నిలువకుండ ఎనిమిదవది. ఒకదానిని మరమ్మతుకు దింపియుండగా మఱియొకటి చెడునేని తొమ్మిదవది. ఏడింటికి సొమ్ము మంజూరుచేసి, ఆదా చేసితిమని సంతోషించు సంఘము ఏడవసర్వరు ఆగిననాడు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును.

ఈ తొమ్మిదిగాక, సత్రమును నడపు మేనేజర్లవంటి యంత్రములు కొన్ని వలయును. ఏ గది ఎవరిది, ఎవరికి ఏ యధికారము, ఏ తీగె ఎచటికి అను చిట్టాలన్నియు వీనియొద్దనే యుండును. ఇవి మూడుండవలయునని అనుభవజ్ఞుల మాట. ఒకటైనచో అది పడిపోయిన సర్వము అంధకారము. రెండైనచో నడుమ తీగె తెగినపుడు దేనికది నేనే పెద్దననును, తీర్పుచెప్పువాడుండడు, రెండు చిట్టాలును రెండు విధములుగా వ్రాయబడి లెక్క చెడిపోవును. మూడైనచో ఇద్దఱొకవైపు నిలిచినది నెగ్గును. మన గ్రామపంచాయతీల యొఱవడియే ఇది.

భాండారపు లెక్క ఇంతకంటె మోసము చేయునది. సెఫ్ అను సాఫ్టువేరు ఇందులకు ప్రసిద్ధమైనది. అది సామాన్యముగా ప్రతి దస్తావేజునకు మూడు ప్రతులు వేఱువేఱు యంత్రములపై నుంచును. అనగా 300 టెరాబైట్ల డిస్కులు కొన్నచో చేతికి వచ్చునది 100 మాత్రమే. ఆ నూఱును నింపివేయరాదు. నూటికి 85 వంతులు నిండగనే అది కేకవేయుట ప్రారంభించును. అంగడివాడు 300 అని బిల్లు వ్రాయును. పాలకవర్గమువారు 300 అని పత్రికలకు చెప్పుదురు. ఇంజనీరు మాత్రము 85తో సంసారము నెట్టుకొని రావలయును. ఆ మూడు ప్రతులును ఒక్క బీరువాలోనే యున్నచో ఆ బీరువా విద్యుత్తు పోయినపుడు మూడును ఒక్కమాఱే పోవును. కాకతీయులనాటి గొలుసుచెఱువుల సంగతి మనవారెఱిగినదే. పై చెఱువు నిండినచో క్రింది చెఱువునకు నీరు వచ్చును. పై చెఱువు గట్టు తెగినచో క్రిందివన్నియు వరుసగా తెగును. ఏది తెగిన దానివెంట ఏవేవి తెగునో ముందుగా పటము గీసి చూచుకొనుట సన్నాహములోని మొదటిపాఠము.

తీగెల విషయమున ఒక్క చిన్న సంగతి చెప్పెదము. కల్పితయంత్రములు తమలోతాము మాటలాడునపుడు వాని యుత్తరములను వీఎక్స్‌లాన్ అను మఱియొక కవరులో పెట్టి పంపుదురు. ఆ కవరు బరువు 50 బైట్లు. సామాన్యపు దారిలో ఒక్కొక్క యుత్తరము 1500 బైట్లు దాటరాదు. ఈ యేబదింటికి ముందుగా తావు చూపనిచో చిన్న యుత్తరములు చక్కగా పోవును, పెద్దవి దారిలో మాయమగును. పరీక్షించినవాడు అంతయు బాగున్నదని సంతకము చేయును. వాడుకొనువాడు పని జరుగలేదని మొత్తుకొనును. ఇద్దఱు చెప్పునదియు నిజమే. గడియారముల సంగతియు ఇట్టిదే. సెఫ్ కాపలాదారుల గడియారములు సెకండులో ఇరువదవవంతు తేడాపడినను ఫిర్యాదు చేయును. యాభై బైట్లు, సెకండులో ఇరువదవవంతు. లక్షల రూపాయల కట్టడము ఇంతటి సన్నని మేకులపై వ్రేలాడుచున్నది. సన్నాహపత్రమున ఈ మేకుల పేర్లు లేనిచో దానిని వ్రాసినవాడు ఎన్నడును మేఘము నడిపినవాడు గాడని తెలిసికొనవచ్చును.

వేడిమి మాట. విజయవాడ వేసవిని వర్ణించుట మా చదువరులకు అనవసరము. పది కిలోవాట్ల విద్యుత్తును తాగు సర్వర్లు పది కిలోవాట్ల వేడిని కక్కును. దానిని తీసివేయుటకు ఇంచుమించు మూడు టన్నుల శీతలయంత్రము వలయును, అది చెడినపుడు నిలుచుటకు వేఱొకటియు వలయును. జనరేటరు ఉన్నదందురు, నూనె యున్నదా యని అడుగువారుండరు. బ్యాటరీలను సర్వర్ల సరసన నుంచవలదని దేజాన్ మంటలు చెప్పియే యున్నవి.

ఇంతవఱకు చెప్పినవన్నియు సొమ్ముతో కొనదగినవి. కొనరానిది మనిషి. యంత్రములకు కోట్లు మంజూరుచేయుటకు మన పాలకవర్గములు సంకోచింపవు. ప్రారంభోత్సవమునకు రిబ్బను, ఛాయాచిత్రము, శిలాఫలకము కలవు. ఇంజనీరు జీతమునకు శిలాఫలకము లేదు. అందుచే యంత్రములు వచ్చును, మనుష్యులు రారు. నెలజీతము తక్కువ, కొలువు తాత్కాలికము, రాత్రి పన్నెండు గంటలకు పిలుపు. ఇట్టిచోట తెలివిగల కుఱ్ఱవాడు ఏడాది యుండి పని నేర్చుకొని హైదరాబాదునకో, కాలిఫోర్నియాకో పోవును. వానిని మేము తప్పుపట్టము. రాత్రింబవళ్లు నడుచు మేఘమునకు అయిదుగురికి తక్కువైన సిబ్బంది చాలదని మా యభిప్రాయము. ఒకడు సెలవులో నుండగా, ఒకడు జ్వరముతో నుండగా, ఒకడైనను మెలకువగా నుండవలయును గదా. ఓపెన్‌స్టాక్ ఆఱునెలల కొక క్రొత్తకూర్పు వెలువరించును. ఇంత వేగమును అందుకొనలేమని పెక్కుమంది మొఱపెట్టుకొనగా, 2023 నుండి ఒకదానిని దాటి ఏటికొకసారి మాఱుటకు వీలు కల్పించిరి. ఏటికొకసారి యైనను మాఱవలయును. నాలుగేండ్లు కదలక కూర్చున్నవారు అయిదవయేట కదలలేరు. కంట్రాక్టరు కట్టి యిచ్చి పోయిన మేఘములకు ఈ గతియే పట్టును. అతడు వెడలునపుడు సంకేతపదములతోబాటు జ్ఞానమును తీసికొనిపోవును. కావున ప్రతి పనియు వ్రాతమూలముగా నుండవలయును. వ్రాసినవాడు గాక వేఱొకడు దానిని చదివి ఆ పని చేసి చూపినప్పుడే అది వ్రాసినట్లు లెక్క.

ప్రతుల విషయము మఱల ఎత్తుకొనక తప్పదు. మూడు ప్రతులున్నవి గదా, ఇంకేమి యందురు. ఒకడు పొరబాటున ఒక దస్తావేజును తుడిచివేసినచో మూడు ప్రతులును ఒక్క క్షణముననే తుడుపుపడును. అవి యంత్రము చెడుటనుండి కాపాడును గాని మనిషి పొరబాటునుండి కాపాడవు. వేఱొక యూర, వేఱొక తాళముక్రింద, వేఱొక ప్రతి యుండవలయును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై పడినపుడు విద్యుత్తును టెలిఫోను సంబంధములును దినములతరబడి లేకపోవుట మనలో పెక్కురు కన్నులార చూచినదే. విశాఖలోని ప్రతికి విశాఖలోనే ప్రతి యుంచువాని తెలివి ఏమని చెప్పవలయును? కర్నూలునకో, హైదరాబాదునకో పంపవలయును. పంపినంతమాత్రమున చాలదు. ఆఱునెలల కొకసారి దానిని తిరిగి యెక్కించి, పని నడుచుచున్నదని చూడవలయును. ఎక్కించి చూడని ప్రతి, పెట్టెలో నున్నదని పెద్దలు చెప్పగా మనము నమ్ముచున్న బంగారమువంటిది.

అయినచో ప్రతి మునిసిపాలిటీయు, ప్రతి కళాశాలయు ఒక్కొక్క మేఘము కట్టుకొనవలయునా? వలదని మేము గట్టిగా చెప్పుచున్నాము. పదియిరువది యంత్రముల పనిగలవారికి మేఘము ఏనుగును కట్టుకొన్నట్లగును. వారు సామాన్యమైన రెండు మూడు సర్వర్లు పెట్టుకొని ప్రతులను భద్రపఱచుకొనుట మేలు. లేదా బయట బాడుగకు తీసికొని, విడిచిపోవు దారిని ముందుగనే ఒడంబడికలో వ్రాయించుకొనుట మేలు. అట్లుగాక ఒక జిల్లాలోని కళాశాలలన్నియు, లేక నాలుగైదు విశ్వవిద్యాలయములు కలిసి ఒక్క మేఘమును నెలకొల్పుకొన్నచో, అయిదుగురు ఇంజనీర్లకు తగిన జీతమిచ్చుట సాధ్యమగును. విద్యాసంస్థలను వేగవంతమైన దారులతో కలుపుటకు 2010లో మంజూరైన జాతీయ విజ్ఞాన వ్యవస్థ ఎటులను కలదు. మన రైతులు పరపతి సంఘములు స్థాపించుకొన్ననాడు ఎవ్వరికి వారు బ్యాంకు పెట్టుకొనలేదు. పెత్తనము ఎవరిదను తగవు వచ్చును. ఉపకులపతులు నలుగురు ఒక్క బల్లయొద్ద కూర్చుండి ఒక్క తాళపుచెవికి సమ్మతించుట సాఫ్టువేరు సమస్యలన్నింటికంటె కఠినమైనదని మాకు తెలియక కాదు. అయినను ఆ తగవు ఇప్పుడే తీర్చుకొనుట చవుక.

వ్యక్తుల సమాచారమును కాపాడవలసిన బాధ్యతను 2023నాటి శాసనము దానిని సేకరించువారిపై మోపియున్నది. రోగి వ్యాధి, విద్యార్థి మార్కు, రైతు అప్పు. ఇవి ఆ గదిలోనివి. వీనికి హాని కలిగినపుడు యంత్రము చెడినదని చెప్పి తప్పించుకొనుట ఇక సులభము గాదు.

టెండరు పిలుచుటకు ముందు ప్రతి సంస్థయు తన సన్నాహమును కాగితముపై పెట్టి, తెలుగునను ప్రకటింపవలెనని మా కోరిక. ఏ పనులు మేఘమున కెక్కును, ఏవి యెక్కవు. ఏడవసర్వరు చెడిననాడు ఏమగును. మూడు వందల టెరాబైట్లలో చేతికి వచ్చునవెన్ని. అయిదేండ్ల విద్యుత్తు, అయిదేండ్ల జీతములు ఏ పద్దులోనివి. వేఱొకయూరి ప్రతి ఏ యూర నున్నది. కంట్రాక్టరు పోయిన మఱునాడు ఎవరు గది తెఱతురు. ఆ కాగితము పది పుటలకు మించనక్కఱలేదు. ఇప్పటికే మేఘము కట్టుకొన్న సంస్థల పాలకవర్గములలో మా చదువరులు కొందఱు సభ్యులుగా నుందురు. వచ్చు సమావేశమున వారిలో నొక్కరైనను లేచి, దాచిన ప్రతిని తిరిగి యెక్కించి చూచినది కడపట ఏ తేదీననో చెప్పుడని యడిగి, వచ్చిన సమాధానమును మినిట్సు పుస్తకమున కెక్కింపించిన చాలును.